పిల్లలతో నవ్వు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

ముందువరుసలో చాపలమీద కూర్చుండి, సభ ఆరంభము కాకమునుపే రెండుసార్లు కేకలు తిన్న బాలబాలికలారా!

'నిశ్శబ్దము పాటింపుడు' అను బల్ల గోడకు వ్రేలాడుచుండగా, దాని క్రిందనే నిలిచి పిల్లలతో నవ్వుటను గూర్చి ఉపన్యసించుట ఏమి మర్యాదయని కొందఱు పెద్దలకు తోచవచ్చును. వారి పక్షమున సామెత యొకటి సిద్ధముగా నున్నది. నవ్వు నాలుగు విధముల చేటు అని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ నాలుగు విధములేవో ఎవరును విడదీసి చెప్పిన జాడ మాత్రము లేదు. మొత్తము వ్రాసి పద్దులు వ్రాయనివాని లెక్కను ఏ కచేరీలోను అంగీకరింపరు. సామెత చెప్పినవానిని మాత్రము అడిగినవాడు లేడు.

సామెతకు సాక్ష్యము కావలెనన్నచో భారతముననే దొరకును. మయసభలో నేల యనుకొని నీటిలో పడిన దుర్యోధనుని చూచి నవ్విన నవ్వు కురుక్షేత్రము దాక నడచినది. సాంబునకు గర్భిణీస్త్రీ వేషము వేసి మునులయెదుట నిలిపిన యాదవుల పరిహాసము ముసలమై పుట్టి ఆ వంశమునే తుడిచివేసినది. ఇంత చేటు తెచ్చిన ఈ రెండు నవ్వులను కొంచెము పరికించినచో ఒక సంగతి తేలును. రెండును ఒకనిని చూచి నవ్విన నవ్వులే. ఒకనితో కలిసి నవ్వుటవలన వంశములు నశించినట్లు పురాణములు వెదకినను దొరకుట కష్టము.

భరతముని నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున నవ్వును ఆఱు తెగలుగా విభజించెను. స్మితము, హసితము ఉత్తములవి. విహసితము, ఉపహసితము మధ్యములవి. అపహసితము, అతిహసితము అధములవి. పలువరుస కనబడనీయక పెదవి కొసను మెరయునది స్మితము. కన్నుల నీరు క్రమ్మగా, చేతులతో ప్రక్కలు పట్టుకొని, గొంతెత్తి నవ్వునది అతిహసితము. ఈ కొలతతో కొలిచినచో మన వీథులలోని పదేండ్లలోపు వారందఱును అధములే! మహర్షి నాటకశాలను చూచి వ్రాసెనేకాని, సాయంకాలమున బడి విడిచిన వేళ మన వేపచెట్టు క్రింద నిలిచి చూచి వ్రాసినట్లు తోచదు. అయినను ఆయనయే మఱియొక విభాగము గూడ చేసెను. తాను నవ్వుట ఆత్మస్థము; ఇతరులను నవ్వించుట పరస్థము. పెద్దలకు పనికివచ్చునది ఈ రెండవది. అందులోను ఒక చీలిక కలదు. పిల్లవానిని నవ్వించుట యొకటి. పిల్లవానిని చూపి పదుగురిని నవ్వించుట వేఱొకటి. బయటనుండి వినువానికి రెండింటి చప్పుడు ఒక్కటే.

వెనుకటి వీథిబడిలో నవ్వునకు చోటు తక్కువ. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, గొంతు కలిపి ఎక్కములు వల్లించుట, తప్పినవానికి బెత్తము, గుంజీలు, గోడకుర్చీ. మఱీ మొండివానికి కోదండము. ఏడాదికొకసారి దసరాకు మాత్రము అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరుగువారు. పిల్లల చేతులలో రంగుకాగితము లంటించిన విల్లంబులు. వారు పాడు పాటలో అయ్యవారికి వరహాలు, తమకు పప్పుబెల్లములు అడుగుట ఆచారము. సంవత్సరమంతయు బెత్తము పట్టిన చేయి ఆ పూట గృహస్థుని గుమ్మమున చాపబడియుండును. ఆ చేతి పక్షమున గొంతెత్తి అడుగువారు దెబ్బలు తిన్న పిల్లలే. ఆ పంపకములోని తమాషా పిల్లలకు తెలియును, అయ్యవారికిని తెలియును. ఒక్కొక్క ఇంటి ముందు ఇరువురును ఒకరినొకరు చూచుకొని నవ్వుకొనువారు. ఆ నవ్వు విజయదశమితో ముగిసి, మరునాడు మరల బెత్తము అటకమీదనుండి దిగివచ్చునది.

నేడు బెత్తమునకు చట్టము అడ్డువచ్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున శరీర దండనముతోపాటు మానసికమైన వేధింపును గూడ నిషేధించిరి. మొదటిమాట అందఱును చదివిరి. రెండవమాటను చాలమంది దాటిపోయిరి. బెత్తపు దెబ్బకు వాత తేలును. ఎగతాళికి వాత లేదు. కొట్టినవానికి తాను కొట్టితినని యైనను తెలియదు. పైగా తాను సరసుడనని సంతోషపడును.

ప్రత్తిపాటి ప్రాంతమున జరిగిన యొక వృత్తాంతమును ఇచట చెప్పవలసియున్నది. పేర్లు అనవసరము, ఏ బడియో గూడ అనవసరము. ఒక లెక్కల ఉపాధ్యాయుడుండెను. ముప్పదియేండ్లకు పైబడిన ఉద్యోగములో పిల్లవానిమీద చేయి చేసికొనినవాడు కాడు. పాఠము చెప్పినంతసేపు తరగతి కిలకిలలాడుచుండును. భాగాహారములో శేషము మిగిలినచో, "వీడు పిలవని పేరంటానికి వచ్చిన చుట్టంరా, ఎక్కడ కూర్చోబెడదాం?" అనువాడు. మిరపకాయల టిక్కీల తూకము లెక్క వచ్చినప్పుడు తానే వరుసగా నాలుగు తుమ్ములు తుమ్మి, ఒక్కొక్క తుమ్మునకు ఒక వీశె తరుగు వ్రాయుమనువాడు. పిల్లలకు ఆయనయన్న ప్రాణము.

ఆ తరగతిలో మాట తడబడు బాలుడొకడుండెను. పకారముతో మొదలగు మాట వచ్చినచో పెదవులు మూసికొనిపోయి వానికి గొంతు పెగలదు. ఒకనాడు పదమూడవ యెక్కము వాని వంతునకు వచ్చెను. అవి వానలు పడి, మన నల్లరేగడి నేలలలో బండ్లు ఇరుసుల దాక దిగబడు దినములు. బాలుడు మొదటిమాట దగ్గఱనే ఆగిపోయెను. ఉపాధ్యాయునికి మాట నోటనుండి జారుటకు ఒక క్షణము పట్టలేదు: "బండి దిగబడిందిరా! ఎవరన్నా వెళ్లి ఎడ్లను మార్చండి!"

తరగతి పగులబడి నవ్వెను. ఆ బాలుడును నవ్వెను. ఉపాధ్యాయుని మోసపుచ్చినది ఆ నవ్వే. పదిమంది నవ్వునప్పుడు నవ్వని పిల్లవాడు ఇంకను ఒంటరివాడగును గనుక వాడు నవ్వవలసివచ్చినదని ఆయనకు అప్పుడు తట్టలేదు.

మరునాటినుండి వానికి 'దిగబడ్డ బండి' యని పేరు పడెను. అయిదవనాడు వాని చోటు ఖాళీ. అడుగగా, "గేదెలు కాస్తున్నాడండీ" అని పిల్లలు చెప్పిరి. ఆ సాయంకాలము పంతులుగారు గొడుగు పుచ్చుకొని పొలమునకు బయలుదేరిరి. ఇటువంటి పనులకు డొంకదారి చాలును. కాని ఆయన తొందరపడి చేనికడ్డముగా నడచెను. రేగడి ఊరకుండునా? నాలుగడుగులలో చెప్పు లోపల చిక్కెను. దానిని లాగబోయి మోకాళ్లమీద పడెను. గొడుగు ఎగిరి గట్టు నెక్కెను. గట్టుమీద కఱ్ఱ పట్టుకొని ఆ బాలుడు చూచుచునే యుండెను.

వాడు దగ్గఱకు వచ్చెను. "పంతులుగారూ" అనుటకు వానికి చాలసేపు పట్టినది. ఆయన మోకాలి లోతు బురదలో నిలిచి, ఆ మాట పూర్తియగువరకు ఊరకుండెను. అందించి పలికింపలేదు. తుదకు వాడనెను: "పంతులుగారూ, ఎడ్లను మార్చమంటారా అండీ?"

అప్పుడు పంతులుగారు నవ్విన నవ్వు భరతముని పట్టికలో ఆఱవది. దుర్యోధనునికి చేతగాని పని యిది. చేతనైనచో భారతము సభాపర్వముతో ముగిసియుండెడిది. "మార్చాల్సింది ఎడ్లను కాదురా, తోలేవాణ్ణి" అని ఆయన చేయి చాచగా, వాడు పట్టి లాగెను. మూడవనాడు బాలుడు బడికి వచ్చెను. తాను బురదలో పడిన కథను పంతులుగారు తరగతికి తానే చెప్పిరి. బాలుడనిన మాటను గూడ విడువక, వానిని నిలువబెట్టకుండ, చెప్పిరి.

కథ ఇంతటితో చక్కగా ముగిసినదనుకొనుటకు వీలులేదు. పడిన పేరు పోలేదు. తరగతివారు మానినను వీథివారు మానలేదు. రెండుమూడేండ్ల పాటు ఆ బాలుడు అంగడికి పోయినచోట అదే పిలుపు. విడిచిన మాటను తిరిగి తీసికొను అధికారము పంతులుగారికి లేకపోయెను. ఆ పిమ్మట ఉద్యోగము చేసినంతకాలము ఆయన చమత్కారములు మానలేదు కాని, మిగిలిన శేషముమీదను, తన బట్టతలమీదను, తన గొడుగుమీదను మాత్రమే వేసికొనువాడు.

ఇట్లు తన్ను తాను నవ్వులకు అప్పగించుకొనుట మన జిల్లా ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. తెనాలి ప్రాంతమున సంగం జాగర్లమూడిలో 1898లో జన్మించి 1973లో కీర్తిశేషులైన మునిమాణిక్యము నరసింహారావుగారు బడిపంతులుగా పనిచేసినవారే. వారి కాంతము కథలలో భర్తయు ఉపాధ్యాయుడే. చాలీచాలని జీతము, ఇంటినిండ పిల్లలు, మాట విసిరినచో తిరిగి రెండు విసరు భార్య. ఆ కథలలో ఓడువాడు ప్రాయికముగా కథ చెప్పువాడే. 'మన హాస్యము' అను గ్రంథము వ్రాసి హాస్యమును శాస్త్రముగా విచారించినవారు గూడ వారే. కాని, శాస్త్రముకంటె కాంతము ఎదుట వారు ఓడిన తీరులోనే నేర్చుకొనవలసినది హెచ్చు. తరగతిలో అందఱికంటె ఎత్తైన కుర్చీ ఎవనిదో, నవ్వునకు మొదట గుఱి కావలసినవాడు వాడు. ఎత్తునుండి పడినవానిని చూచి పిల్లలు నవ్వుటలో పాపము లేదు; వానికి దెబ్బ తగులదు.

విష్ణుశర్మ చేసినదియు ఇంచుమించు ఇదియే. అమరశక్తి కుమారులు మువ్వురును చదువురాని మూర్ఖులని తండ్రియే చెప్పుకొనెను. ఆఱు మాసములలో వారిని దిద్దెదనని మాటయిచ్చిన ఆ వృద్ధుడు మూర్ఖత్వమునంతయు తెచ్చి మేకు పెఱికిన కోతిమీదను, పులితోలు కప్పుకొన్న గాడిదమీదను పెట్టెను. రాకుమారులు గాడిదను చూచి నవ్విరి. తమకు కావలసినది తాము గ్రహించిరి. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడిన నాటినుండి ఈ కథలను మన పిల్లలచేత అర్థతాత్పర్యములతో వల్లె వేయించి, అందలి నవ్వును చాలవఱకు పిండివేసితిమి. అది సూరిగారి దోషము కాదు.

గురుశిష్యుల హాస్యమునకు మన నాట పరమానందయ్య శిష్యుల కథను మించినది లేదు. పన్నెండుగురు శిష్యులు ఏఱు దాటి ఒడ్డున తలలు లెక్కపెట్టుకొనిరి. లెక్కించువాడు తన్ను విడిచి లెక్కించుటచే ఎవరు లెక్కించినను పదునొకండే. ఒకడు ఏటిలో పోయెనని గొల్లున ఏడ్చిరి. అరుగుమీద తాత చెప్పు ఈ కథను వేదాంతులు పదిమందిగా మార్చి చెప్పుదురు. విద్యారణ్యుల పంచదశిలో తృప్తిదీప ప్రకరణమున ఈ పదవవాని దృష్టాంతమే కలదు. అరవమున వీరమామునియను పేర ప్రసిద్ధుడైన ఇటలీ దేశపు క్రైస్తవ సన్న్యాసి (1680–1747) వ్రాసిన పరమార్థగురుని కథలోను ఇట్టి లెక్కయే. అయిదేండ్ల పిల్ల ఈ కథకు నవ్వినదన్న, వేదాంతమున ఒక పాఠము ముగిసినట్లే. ఆ సంగతి దానికి చెప్పి నవ్వు చెడగొట్టరాదు. పెద్దలు చూడవలసినది వేఱొకటి. ఎన్ని తెలివితక్కువ పనులు చేసినను ఆ శిష్యులు గురువుగారి యింటనే యుందురు. వారిని వెళ్లగొట్టినచో కథయే లేదు.

ఇళ్లలోని హాస్యమును గూర్చియు ఒక మాట. మన తాతలకును, అమ్మమ్మలకును, నాయనమ్మలకును ఒక పాత సరదా కలదు. "నువ్వు మా పిల్లవి కావు, నిన్ను తవుడు పోసి కొన్నాం" అందురు. పిల్ల నమ్మదు. ఇంటిల్లిపాదియు కలిసి సాక్ష్యము పలుకుదురు. తవుడు అమ్మినవాని ఊరు గూడ చెప్పుదురు. పిల్ల పెదవి విఱిచి ఏడ్చువఱకు విడువరు. ఏడ్చిన పిమ్మట ముద్దులు. ముద్దులతో లెక్క సరిపోయినదని పెద్దల భావము. ఆ రాత్రి దీపమార్పిన పిదప తల్లి చెవిలో, "తవుడు ఎంత పోశారు?" అని ఆ పిల్ల అడిగినప్పుడు తాతలు ఆ గదిలో ఉండరు.

మన పంతులుగారు విశ్రాంతి పుచ్చుకొని తాతయైన పిమ్మట తవుడు జోలికి పోలేదు. మనుమరాలికి కథలు తప్పుగా చెప్పుట మొదలుపెట్టెను. దప్పిగొన్న కాకి కథ చెప్పుచు, "కాకి కడవలో ఒక్కొక్క మిరపకాయే వేసిందమ్మా" అనెను.

"కాదు తాతయ్యా! గులకరాళ్లు!"

"గులకరాళ్లా? మన ఊరి కాకికి కళ్లంలో మిరపకాయలేగా దొరికేవి?"

"అయితే నీళ్లు కారమవుతాయిగా!"

"అందుకేగా తాగి కావు కావుమంది!"

అయిదేండ్ల మనుమరాలు నేలమీద పడి దొర్లెను. మరునాడు అదే కథ కావలెను, అదే తప్పుతో కావలెను. తాత తప్పు మానినచో ఒప్పుకొనదు.

ఇది ముసలివాని చాదస్తమని త్రోసివేయువారు రష్యా దేశపు కార్నేయ్ చుకోవ్‌స్కీ (1882–1969) మాట వినవలెను. సోవియట్ దేశపు బాలల పుస్తకములు చక్కని బొమ్మలతో తెలుగున వచ్చి, చౌక ధరకు మన పల్లెల దాక చేరిన కాలము పెద్దలకు జ్ఞాపకముండును. ఆ దేశమున బాలసాహిత్యమునకు పెద్దదిక్కు ఆయన. రెండేండ్లు నిండని ఆయన కుమార్తె ఒకనాడు వచ్చి కుక్క 'మ్యావ్' మనునని చెప్పెను. తండ్రి దిద్దలేదు. అది పొరపాటు కాదని, కుక్క ఎట్లు అఱచునో రూఢిగా తెలిసినందుననే బిడ్డ తలక్రిందు చేసి ఆడుకొనుచున్నదని గ్రహించి, తానును ఆ యాటలో కలిసెను. తెలియని దానిని తలక్రిందు చేసినచో పిల్లలు బెదరుదురు. తెలిసినదానిని చేసినచో నవ్వుదురు. కనుక తాత తప్పునకు మనుమరాలు నవ్వినదన్న, ఒప్పు దాని గుప్పిటిలో నున్నదన్నమాట. పరీక్షలేకుండ పరీక్ష జరిగినది. మార్కులు వేసినది గూడ పిల్లయే.

ఇటలీ దేశమున యౌవనమున బడిపంతులుగా నుండిన జాన్ని రొదారి 1962లో 'టెలిఫోను కథలు' అను పుస్తకము వెలువరించెను. అందులో ఊరూరు తిరిగి సరకులమ్ము ఒక లెక్కల ఉద్యోగి వారమునకు ఆఱు దినములు ఇల్లు విడిచియుండి, ప్రతి రాత్రియు కూతునకు ఫోనులో ఒక కథ చెప్పును. ఫోను ఖర్చు తనదే గనుక కథలన్నియు పొట్టివి, లెక్క తెలిసినవాడు! ఆ పుస్తకముననే మన పంతులుగారి వంటి తాత యొకడు ఎఱ్ఱటోపి పిల్ల కథను టోపి రంగు మార్చి చెప్పి, అడుగడుగున బిడ్డచేత తప్పు దిద్దించుకొనును. ఆ తాతకు పత్రిక చదువుకొను తొందర. మన గ్రంథాలయమునకు ఉదయముననే వచ్చు కొందఱు పెద్దలకు అతడు చుట్టమే.

గ్రంథాలయ ప్రసక్తి వచ్చినది గనుక కార్యవర్గమునకు ఒక విన్నపము. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల'ను, 1947లో నాగిరెడ్డి చక్రపాణిగారలు 'చందమామ'ను నెలకొల్పిన నాటినుండి పిల్లలు చదువుకొని నవ్వుటకు తెలుగున సామగ్రికి కొదువ లేదు. కొదువ యున్నది చోటునకు. బీరువా తలుపు తెఱచి పుస్తకమిచ్చి, వాడు మొదటి పుటలో నవ్వగానే బల్ల చూపుట న్యాయము కాదు. ఆ బల్లను వరండానుండి లోపలి గదికి మార్చి, సాయంకాలము ఒక గంట వరండాను పిల్లలకును, వారికి చదివి వినిపింపగల తాతలకును విడిచినచో, మేకు ఒకటి తప్ప వేఱు ఖర్చు లేదు.

పంతులుగారి సంగతి ఇంకొంచెము మిగిలియున్నది. దానిని సభలో చెప్పుటకు ఆ దంపతుల అనుమతి కలదు. మనుమరాలు తల్లిదండ్రులతో అమెరికా చేరి మూడేండ్లయినది. ప్రతి ఆదివారము ఉదయమున, అచట శనివారము రాత్రి, ఫోనులో కథ. తప్పులు మామూలే. మొన్నటి వేసవిలో ఒకనాడు పరమానందయ్య శిష్యులు ఏఱు దాటు కథ కావలెనని అడిగెను. తాత మొదలుపెట్టి, ఏఱు దాటించి, ఒడ్డున వారిని నిలువబెట్టి ఆగిపోయెను. కొంతసేపటికి, "మొత్తం ఎంతమందమ్మా వాళ్లు?" అని అడిగెను.

అవతల ఒక్కసారిగా నవ్వు. "మళ్లీ మొదలుపెట్టావా తాతయ్యా! పన్నెండు!"

"పన్నెండా? నాకు పదకొండే కనపడుతున్నారే!"

"నిన్ను నువ్వు లెక్కపెట్టుకోలేదు తాతయ్యా!"

తాతయు నవ్వెను. ప్రక్కన కూర్చుండి ప్రత్తితో దీపపు వత్తులు చేయుచున్న నాయనమ్మ మాత్రము నవ్వలేదు. చేతిలోని వత్తి అట్లే నిలిచిపోయినది. ఫోను పెట్టిన పిమ్మట ఆమె, "నిజంగానే మరిచిపోయారా?" అని అడిగెను.

"దానితో అనబోకు" అని ఆయన లేచి, కళ్లజోడు వెదకికొని, గోడనున్న క్యాలెండరుమీద అమెరికా ఫోను నంబరు క్రింద పెన్సిలుతో 12 అని వ్రాసికొనెను.